మా ఇండియానాలో మిచ్ డేనియల్స్ గవర్నర్‌గా ఉన్న ఆ ఎనిమిదేళ్ళు

అమెరికాలో గవర్నర్ అంటే మన రాజ్‌భవన్‌లో ఉండే గవర్నర్ లాంటాయన కాదండీ, జనం ఓట్లేసి గెలిపించుకున్న సీఎం అన్నమాట, బడ్జెట్టూ ఆయనదే తిట్లూ ఆయనకే. నేను 2004 ఎండాకాలంలో ఇండియానా రాష్ట్ర రాజధాని ఇండియానాపోలిస్‌లో దిగేనాటికి ఈ ముక్క కూడా నాకు సరిగ్గా తెలీదు. హెచ్‌వన్ వీసా మీద కాంట్రాక్ట్ ఉద్యోగం, నార్త్ వెస్ట్ సైడ్ అపార్ట్‌మెంట్లలో మనవాళ్ళతో రూమ్ షేరింగ్, ఒక రైస్ కుక్కరు, ఒక పాత కరోలా, అంతే ప్రపంచం. ఓటా పాడా, ఇక్కడి రాజకీయాలు మనకెందుకులే అనుకునేవాళ్ళం. కానీ ఒక మనిషి మాత్రం ఆ ఎనిమిదేళ్ళూ మా టీవీలోకి, మా పన్నుల్లోకి, ఆఖరికి మా గోడ గడియారంలోకి కూడా దూరిపోయాడు, ఆయనే మిచ్ డేనియల్స్. ఇప్పుడు ఇక్కడికి కొత్తగా వచ్చే కుర్రాళ్ళకి ఆయన పర్డ్యూ యూనివర్సిటీ మాజీ ప్రెసిడెంట్‌గానే తెలుసు, 2005 జనవరి నుంచి 2013 జనవరి దాకా గవర్నర్‌గిరీ చూసినవాళ్ళం మాత్రం మేం కొందరమే మిగిలాం, అందుకే గుర్తున్నవి గుర్తున్నట్టు రాసేస్తున్నా, వరస తప్పితే ఏమనుకోకండి.

ముందు ఆ ఎలక్షన్‌లో ఆయన తిరిగిన బండి గురించి చెప్పాలి. ఇండియానాలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల ఆర్‌వీలు తయారుచేసే ఫ్యాక్టరీలు బోలెడు, అదే, ఇల్లు చక్రాల మీద కట్టినట్టుండే పెద్ద బళ్ళు. ఇక్కడే తయారైన ఒక ఆర్‌వీ వేసుకుని ఈయన రాష్ట్రంలో ఉన్న 92 కౌంటీలూ, అంటే మన జిల్లాల్లాంటివి, తిరిగాడు. ఊళ్ళో ఎవరో ఒకరి ఇంట్లో రాత్రి పడక, పొద్దున్నే ఆ ఊరి డైనర్‌లో కూర్చుని జనంతో కబుర్లు, ఆ బండి మీద జనం మార్కర్లతో సంతకాలు పెట్టేవాళ్ళు. మా రూమ్మేట్ గాడు, నరసరావుపేట వాడు, టీవీలో అది చూసి "ఒరేయ్, ఇది అన్నగారి చైతన్యరథం రా" అని అరిచాడు. నిజమే మరి, ఎన్టీఆర్ 1982లో తిరిగిన వ్యాన్ కూడా షెవర్లేనేగా, అమెరికా కంపెనీదే. తేడా ఏంటంటే అన్నగారు కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తానని తిరిగారు, ఈయన ఖర్చు తగ్గిస్తానని తిరిగాడు. ఖర్చు తగ్గిస్తా అని చెప్పి ఓట్లడిగే మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడ్డం అదే మొదలు.

అంతకుముందు ఈయన వాషింగ్టన్‌లో ప్రెసిడెంట్ బుష్ దగ్గర బడ్జెట్ డైరెక్టర్, 2001 నుంచి 2003 దాకా. కోతలు పెడతాడని బుష్ పెట్టిన ముద్దుపేరు బ్లేడ్. "మై మ్యాన్ మిచ్" అన్నది కూడా బుష్ నోటి మాటే, దాన్నే స్లోగన్ చేసుకుని ఇళ్ళ ముందు పాతే బోర్డుల నిండా అదే రాయించాడు. ఇక్కడొక చిన్న మెలిక ఉంది. ఆయన ఆ కుర్చీ ఎక్కేనాటికి అమెరికా కేంద్ర ఖజానా మిగులులో ఉంది, దిగేనాటికి పెద్ద లోటులో ఉంది. ఇరాక్ యుద్ధానికి 50, 60 బిలియన్లు అవుతుందని ముందు అంచనా చెప్పింది కూడా ఈయనే, చివరికి ఎంత దాటిపోయిందో అందరికీ తెలుసు. పొదుపు మనిషి అని పొగిడేవాళ్ళెవరూ ఈ రెండేళ్ళ సంగతి ఎత్తరు, నేనూ ఇక్కడితో వదిలేస్తున్నా.

గెలిచాడు, సిట్టింగ్ గవర్నర్ జో కెర్నన్‌ని ఓడించి. పదహారేళ్ళ తర్వాత రిపబ్లికన్లకి ఆ కుర్చీ దక్కింది. మన దగ్గర కొత్త సీఎం మొదటి సంతకం దేనిమీద పెడతాడా అని జనం చూస్తారు కదా, అదే 2004 మే నెలలో వైఎస్ ఉచిత కరెంట్ ఫైలు మీద పెట్టినప్పుడు నేనింకా హైదరాబాద్‌లో వీసా కాగితాలు పట్టుకుని తిరుగుతున్నా. ఈయన కుర్చీలో కూర్చున్న మొదటి రెండు రోజుల్లోనే స్టేట్ ఉద్యోగుల యూనియన్లకి జీతాల మీద బేరమాడే హక్కు తీసేస్తూ సంతకం పెట్టాడు. 1989లో ఎవన్ బై అనే గవర్నర్ ఒక ఆర్డర్‌తో ఇచ్చిన హక్కు అది, ఈయన ఇంకో ఆర్డర్‌తో కొట్టేశాడు, అసెంబ్లీలో చర్చా గిర్చా ఏం లేదు. తర్వాత మేం ఇల్లు కొనుక్కున్నాక మా పక్కింటి పెద్దాయన, రోడ్ల డిపార్ట్‌మెంట్‌లో మంచు తీసే ట్రక్కు నడిపి రిటైర్ అయినాయన, ఈ సంగతి ఎప్పుడొచ్చినా గడ్డి కోసే మెషిన్ ఆపి మరీ తిట్టేవాడు. ఆయన గురించి మళ్ళీ వస్తా.

ఇంతకీ అప్పటికి రాష్ట్రం పరిస్థితి ఏంటంటే లోటు 700 మిలియన్ డాలర్ల పైమాటే అనేవాళ్ళు. బయటికి కనపడకుండా ఎలా నెట్టుకొచ్చారంటే స్కూళ్ళకి, యూనివర్సిటీలకి, ఊళ్ళకి ఇవ్వాల్సిన డబ్బులు ఈ ఏడాది ఇవ్వకుండా వచ్చే ఏడాదికి తోసేయడం. పచారీ కొట్టు ఖాతా తీర్చకుండా చేతిలో డబ్బులున్నాయి చూశావా అన్నట్టు. ఈయన వచ్చి ముందు ఆ పాత బాకీలు కట్టేద్దాం అన్నాడు, ఉద్యోగాలు ఖాళీ అయితే నింపలేదు. ఆయన వచ్చేనాటికి 35 వేల దాకా ఉన్న స్టేట్ ఉద్యోగులు వెళ్ళేనాటికి 28 వేల దగ్గరికి వచ్చారు. అన్నిటికంటే నాకు ఆశ్చర్యం వేసింది ఇంకోటి, మొదటి ఏడాదే లక్ష డాలర్ల పైన సంపాదించేవాళ్ళ మీద ఒక్క ఏడాదికి ఒక్క శాతం ఎక్స్‌ట్రా పన్ను వేద్దాం అన్నాడు. రిపబ్లికన్ అయ్యుండి! సొంత పార్టీవాళ్ళే అసెంబ్లీలో దాన్ని పక్కన పడేశారు. మేమంతా ఆఫీసులో నవ్వుకున్నాం, మాకెవరికీ లక్ష లేదు కాబట్టి మాకేం అభ్యంతరం లేదు.

ఇప్పుడు గడియారం సంగతి. ఇది చెప్పకపోతే ఇండియానా వాళ్ళు నన్ను ఊరుకోరు.

నేను వచ్చేనాటికి ఇండియానాలో చాలా కౌంటీల్లో, సాయంత్రం వెలుతురు కోసం ఎండాకాలం గడియారం గంట ముందుకి, చలికాలం మళ్ళీ వెనక్కి జరపడం అనేదే లేదు. దేశంలో దాదాపు అందరూ ఏప్రిల్‌లో గంట ముందుకి తిప్పుకుంటే మేం మాత్రం కదలం. దాంతో ఎండాకాలం మా టైము షికాగోతో కలిసేది, చలికాలం న్యూయార్క్‌తో కలిసేది. షికాగోకి దగ్గరున్న కౌంటీలు, కింద ఎవాన్స్‌విల్ వైపు కౌంటీలు వేరే టైములో, సిన్సినాటి పక్కనున్నవి అనఫీషియల్‌గా ఇంకో రకంగా, మీటింగ్ పెట్టాలంటే "మీ టైమా మా టైమా" అని అడగాల్సిందే. విండోస్‌లో టైమ్ జోన్ లిస్టులో మా కోసం ఇండియానా ఈస్ట్ అని సెపరేట్‌గా ఒక లైన్ ఉండేది, అది చూసి కాలిఫోర్నియా ఫ్రెండ్స్ మీరేమన్నా వేరే దేశమా అని వెక్కిరించేవాళ్ళు.

మనవాళ్ళకి మాత్రం అది భలే సుఖం. ఇండియాకీ మాకూ ఏడాది పొడుగునా పదిన్నర గంటలే తేడా. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తే అక్కడ పొద్దున ఎనిమిది, నాన్న వాకింగ్ నుంచి వచ్చి కాఫీ గ్లాసుతో పేపర్ ముందు కూర్చునే టైము, రిలయన్స్ ఇండియా కాల్ నొక్కితే రెండో రింగుకే ఎత్తేవారు. డేనియల్స్ వచ్చి ఇదేం గందరగోళం, బయట కంపెనీలవాళ్ళు మనల్ని చూసి నవ్వుతున్నారు, అందరిలాగే మనమూ జరుపుకుందాం అన్నాడు. అబ్బో, ఏం గొడవండీ అది. రైతులు వద్దన్నారు, డ్రైవ్ ఇన్ సినిమావాళ్ళు సాయంత్రం చీకటి పడకపోతే బొమ్మ ఎలా వేస్తాం అన్నారు, ఆవులకి టైము తెలీదని ఒకళ్ళు, పిల్లలు చీకట్లో బస్సెక్కాలని ఇంకొకళ్ళు. పన్నుల గురించి కూడా జనం అంత కొట్టుకోవడం నేను చూళ్ళేదు. 2005 ఏప్రిల్ ఆఖర్లో అసెంబ్లీ కింది సభ హౌస్‌లో 51-46తో బొటాబొటీగా నెగ్గింది. 2006 ఏప్రిల్ 2న మొదటిసారి రాష్ట్రమంతా గడియారాలు జరిపాం.

ఆ రాత్రి మా టీమ్ అంతా మేలుకునే ఉన్నాం. రాత్రి రెండింటికీ మూడింటికీ మధ్య కంప్యూటర్లో షెడ్యూల్ చేసిన ప్రోగ్రాములు ఏమవుతాయి, ఆ గంట అసలు లేనే లేదు కదా, ఒకటి పరిగెత్తదు, ఇంకోటి దానికోసం కూర్చుంటుంది. మొత్తానికి తంటాలు పడి సర్దామో లేదో, 2007 నుంచి మార్చి రెండో ఆదివారమే గంట మార్చాలన్న కేంద్రం రూలు అమల్లోకి వచ్చింది, మళ్ళీ ప్యాచ్‌లు మొదలు. వరసగా రెండేళ్ళు టైమ్ జోన్ ప్యాచ్‌లు వేసిన మహానుభావులం మేం, మా రెజ్యూమేల్లో ఇంకా ఆ లైన్ ఉంది కొందరికి. నాకు మాత్రం ఫోన్ టైము పోయింది. ఎండాకాలం తొమ్మిదిన్నరకి చేస్తే అక్కడ ఏడే, నాన్న ఇంకా పార్కులోనే ఉండేవారు, అమ్మే ఎత్తేది. అప్పటిదాకా నాన్న పక్కనుంచి "బాగున్నావా నాన్నా, తిన్నావా" వరకే మాట్లాడిన అమ్మ ఆ ఎండాకాలాల్లో నాకు ఊరి కబుర్లన్నీ చెప్పింది, ఎవరి పెళ్ళి, ఎవరి గొడవ, ఎవరి చేలో బోరు పడింది అన్నీ. ఇండియానా అసెంబ్లీకి ఈ సంగతి తెలీదనుకోండి. ఇంకో తమాషా ఏంటంటే, ఈ మార్పు వల్ల కరెంటు ఆదా అవుతుందని చెప్పారా, తర్వాత ఎకనామిస్టులు ఇండియానా కరెంటు బిల్లులే తీసి లెక్కేస్తే ఇళ్ళల్లో వాడకం ఒక శాతం దాకా పెరిగిందని తేలింది, సాయంత్రం ఎండలో ఏసీలు ఎక్కువ తిరుగుతాయిగా.

అదే 2006లో టోల్ రోడ్డు. రాష్ట్రానికి పైభాగంలో షికాగో వైపు నుంచి ఒహాయో దాకా అడ్డంగా 157 మైళ్ళు పోయే ఇండియానా టోల్ రోడ్డుని 75 ఏళ్ళకి లీజుకిచ్చేశాడు, స్పెయిన్ కంపెనీ సింట్రా, ఆస్ట్రేలియా కంపెనీ మెక్వారీ రెండూ కలిసి 3.8 బిలియన్ డాలర్లు ఒకేసారి కట్టాయి. ఆ డబ్బుతో రోడ్లు వేస్తాం అని మేజర్ మూవ్స్ అని పేరు పెట్టాడు. రోడ్డుని ఫారినర్లకి అమ్మేశాడు అని జనం మండిపడ్డారు, ఉత్తరాన ఉన్న కౌంటీల్లో అయితే మరీ. ఆఫీసు కిచెన్‌లో ఫారినర్లు అన్న మాట వినపడినప్పుడల్లా నేను కాఫీ కప్పు తీసుకుని మెల్లగా జారుకునేవాణ్ణి. మేం షికాగోలో మనవాళ్ళ కొట్లుండే డెవాన్ అవెన్యూకి కందిపప్పు కోసమో చీరల కోసమో వెళ్ళినప్పుడు ఐ-65 హైవే ఆఖర్లో ఆ టోల్ రోడ్డు కొసన కాసేపు వెళ్ళేవాళ్ళం, మా రూమ్మేట్ గాడు చిల్లర ఇస్తూ "ఇది స్పెయిన్‌కి, ఇది ఆస్ట్రేలియాకి" అని పంచేవాడు.

ఇన్నేళ్ళ తర్వాత చూస్తే ఆ బేరంలో ఆయనే గెలిచాడని నా ఉద్దేశం. రియల్ ఎస్టేట్ మాంచి పీక్‌లో ఉన్నప్పుడు స్థలం అమ్ముకున్నట్టు, అందరూ ఎగబడి కొనే రోజుల్లో అమ్మాడు, తర్వాత మాంద్యం వచ్చి బళ్ళు తగ్గి ఆ లీజు కంపెనీ 2014లో దివాలా పిటిషన్ వేసింది, రాష్ట్రానికి వచ్చిన డబ్బు మాత్రం ఎప్పుడో వచ్చేసింది. ఎవాన్స్‌విల్ వైపు ఐ-69, కొకోమో దగ్గర యూఎస్-31, ఎన్నో ఏళ్ళుగా ఇదిగో అదిగో అంటున్న రోడ్లన్నీ కదిలాయి. కాకపోతే 75 ఏళ్ళంటే 2081 దాకా. టోల్ తీసుకునేది వాళ్ళు, కట్టేది మనవళ్ళు. 2018లో ఇంకో గవర్నర్ వచ్చి ట్రక్కుల టోల్ 35 శాతం పెంచుకోనిచ్చి ఇంకో బిలియన్ తెచ్చుకున్నాడు, అంటే ఒకసారి ఆ దారి కనపడ్డాక ఎవరూ ఊరుకోరన్నమాట.

మా లాంటి వీసా జనాలకి ఆయన పాలన బాగా తెలిసొచ్చింది బీఎంవీలో. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసు. మాకు లైసెన్స్ వీసా డేట్ వరకే కదా, మాటిమాటికీ వెళ్ళాల్సిందే, పాస్‌పోర్ట్, వీసా ఆమోదం కాగితం ఐ-797, కరెంటు బిల్లు, బ్యాంకు కాగితం అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని సత్యనారాయణ వ్రతానికి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం. మొదట్లో సగం రోజు సెలవు పెట్టాల్సి వచ్చేది. బ్రాంచీలు కొన్ని మూసేస్తే జనం తిట్టారు, 2006లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు రాష్ట్రమంతా గగ్గోలు. కానీ రెండో టర్మ్ వచ్చేసరికి టోకెన్ తీసుకుని కుర్చీలో సర్దుకునేలోపే పిలిచేవాళ్ళు. గవర్నర్ స్పీచుల్లో సగం బీఎంవీ నిమిషాల గురించే, ఎంతసేపట్లో పని అవుతుందో లెక్క చెప్పి మురిసిపోయేవాడు. ప్రభుత్వ ఆఫీసులో నిమిషాలు లెక్కపెట్టడం అనేది మన కలెక్టరాఫీసు వరండాల్లో పెరిగిన నాకు ఎంత వింతగా ఉండేదో చెప్పలేను.

అదే గవర్నర్, అదే లెక్కలు, వెల్ఫేర్ ఆఫీసుల దగ్గర మాత్రం రివర్స్ అయింది. పేదలకి తిండి కోసం ఇచ్చే ఫుడ్ స్టాంపులు, వైద్యం కోసం ఇచ్చే మెడికెయిడ్ లాంటివాటికి అప్లై చేసుకునే పని మొత్తాన్ని ఐబీఎంకి పదేళ్ళ కాంట్రాక్ట్ ఇచ్చారు 2006 ఆఖర్లో, విలువ 1.3 బిలియన్ దాకా. ఎదురుగా కూర్చుని మాట్లాడే కేస్ వర్కర్ల బదులు కాల్ సెంటర్లు, ఫ్యాక్సులు, ఆన్‌లైన్ ఫారాలు. ఫోన్లో హోల్డ్‌లు, పంపిన కాగితాలు అందలేదనడం, అర్హత ఉన్నవాళ్ళ కేసులు మూసేయడం, పేపర్ల నిండా అవే కథలు, ముసలాళ్ళూ వికలాంగులూ వాళ్ళలో ఎక్కువ. 2009 అక్టోబర్లో ఆయనే కాంట్రాక్ట్ రద్దు చేశాడు, ఈ పద్ధతి పనిచెయ్యలేదు అని ఒప్పుకున్నాడు. తర్వాత రాష్ట్రం ఐబీఎం మీద, ఐబీఎం రాష్ట్రం మీద కేసులు, 2012లో ఒక జడ్జి అయితే ఇద్దరిలో ఎవరికీ గెలిచే అర్హత లేదని రాశాడు తీర్పులో. కోర్టుల్లో తిరిగి తిరిగి చివరికి ఐబీఎం 78 మిలియన్లు కట్టాలని తేలింది.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఆ ప్రాజెక్ట్ ఎలా చెడిపోయి ఉంటుందో నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. స్క్రీన్లు గీసేటప్పుడు ఎవరి దగ్గర ఫ్యాక్స్ మెషిన్ ఉంటుందో ఎవరూ అడిగి ఉండరు. నాకు ఇప్పటికీ మింగుడు పడనిది ఏంటంటే, కారున్న మాకు క్యూ తగ్గింది, ఫుడ్ స్టాంపుల కోసం నిలబడ్డవాళ్ళకి పెరిగింది, ఆదా రెండు చోట్లా ఒకటే మనిషి ఒకటే నమ్మకంతో చేశాడు. పేదలంటే పట్టింపు లేదు అందామంటే అదీ కుదరదు, 2007లో సిగరెట్ల మీద పన్ను 44 సెంట్లు పెంచి ఆ డబ్బుతో ఇన్సూరెన్స్ లేని పేద పెద్దవాళ్ళ కోసం హెల్దీ ఇండియానా ప్లాన్ పెట్టింది ఈయనే.

2007 అంటే గుర్తొచ్చేది ప్రాపర్టీ ట్యాక్స్. మేం అప్పుడే ఇల్లు కొన్నాం, కొత్త ముచ్చట. ఆ ఎండాకాలం ఇండియానాపోలిస్‌లో బిల్లులు వచ్చేసరికి జనానికి గుండె ఆగింది, కొందరికి రెట్టింపు. గవర్నర్ బంగళా ముందుకే వెళ్ళి జనం ధర్నాలు చేశారు, ఆ కోపంలో నవంబర్‌లో సిటీ మేయర్ బార్ట్ పీటర్సన్ ఓడిపోయాడు, అప్పటిదాకా పేరు కూడా పెద్దగా ఎవరికీ తెలీని గ్రెగ్ బలార్డ్ గెలిచాడు. డేనియల్స్ చూశాడు, వచ్చే ఏడాది తన వంతు. 2008లో చట్టం తెచ్చాడు, సొంతిల్లయితే విలువలో ఒక శాతం, అద్దెకిచ్చినదైనా పొలమైనా అయితే రెండు, వ్యాపారం అయితే మూడు, అంతకుమించి పన్ను వెయ్యడానికి లేదు. దాన్ని 2010లో ఓటింగ్ పెట్టి రాజ్యాంగంలోనే ఎక్కించారు. ఊరికే రాలేదు లెండి, దానికి బదులు సేల్స్ ట్యాక్స్ ఆరు నుంచి ఏడు శాతం అయింది, 2008 ఏప్రిల్ 1 నుంచి. కొత్త స్టేడియం కోసం పెంచిన తిండి పన్ను కూడా కలిపితే డౌన్‌టౌన్‌లో భోజనం చేస్తే తొమ్మిది శాతం. మా ఆవిడ లెక్క ఒకటే, "ఇల్లున్నవాళ్ళకి తగ్గించి డైపర్లు కొనేవాళ్ళ దగ్గర తీసుకున్నాడు." మాకు అప్పుడు ఇల్లూ ఉంది డైపర్లూ ఉన్నాయి, చిన్నది పుట్టిన ఏడాది.

ఆ 2008 నవంబర్ భలే రోజులు. మా పక్కింటి పెద్దాయన వాకిట్లో రెండు బోర్డులు, ఒకటి ఒబామాది, ఇంకోటి మై మ్యాన్ మిచ్. యూనియన్ తీసేశాడని తిట్టే మనిషివి కదా అంటే, నా పెన్షన్ పెరగదు, ఇంటి పన్ను ఆగింది, ఇంకేం చెయ్యమంటావ్ అన్నాడు. ఆయనొక్కడే కాదు, రాష్ట్రమంతా అలాగే వేసింది. 1964 తర్వాత మొదటిసారి ఇండియానాలో డెమొక్రాట్ ప్రెసిడెంట్ క్యాండిడేట్ గెలిచాడు, అదే బ్యాలెట్ మీద రిపబ్లికన్ డేనియల్స్‌కి 58 శాతం దాకా వచ్చింది. మాకెవరికీ ఓటు లేదు, సమోసాలు పెట్టుకుని తెల్లారేదాకా టీవీ చూశాం.

ఆ ఏడాది జులైలోనే, అప్పు తీర్చే సత్తాకి మార్కులేసే ఎస్ అండ్ పీ వాళ్ళు ఇండియానాకి అన్నిటికంటే పైదైన ట్రిపుల్ ఏ రేటింగ్ ఇచ్చారు, రాష్ట్రం చరిత్రలో మొదటిసారి, ఇంకో రెండు నెలలకి లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలి మాంద్యం ముదిరింది. తర్వాత రెండేళ్ళు పక్క రాష్ట్రాల సంగతి చూస్తే ఈయన దాచిన డబ్బు విలువ తెలిసింది. ఇల్లినాయ్ 2011 జనవరిలో ఇన్‌కమ్ ట్యాక్స్ మూడు నుంచి ఐదు శాతం చేసింది, మా ఇండియానావాళ్ళు వెంటనే బోర్డర్ దగ్గర బిల్‌బోర్డులు పెట్టి మా ఊరు రండి మా ఊరు రండి అని కంపెనీలని పిలిచారు. మా రూమ్మేట్ గాడు అప్పటికి ఇల్లినాయ్‌లోని నేపర్‌విల్‌లో ఇల్లు కొనుక్కుని ఉన్నాడు, ఆ బోర్డు కనపడ్డప్పుడల్లా ఫోన్ చేసి తిట్టేవాడు.

కానీ ఇక్కడ కూడా పన్ను పెంచకుండా ఎలా నెట్టారంటే 2009 డిసెంబర్‌లో స్కూళ్ళకిచ్చే డబ్బులో 300 మిలియన్లు కోశాడు, యూనివర్సిటీలకి 150 మిలియన్లు. మా పెద్దమ్మాయి ఎలిమెంటరీలో ఉంది. పాత చట్టంలో అయితే స్కూళ్ళు ప్రాపర్టీ ట్యాక్స్ పెంచుకునేవి, ఇప్పుడు క్యాప్, అంటే పన్నుకి ఆ శాతాల హద్దు, ఉంది, కావాలంటే రెఫరెండం పెట్టి జనం ఓటు అడగాలి. డబ్బున్న సబర్బుల్లో ఇలాంటివి నెగ్గించుకునే ఓపిక జనానికి ఉంటుంది, లేని ఊళ్ళల్లో టీచర్లు ఇంటికి పోయారు. నేను మాత్రం ఆ క్యాప్ వల్ల బాగుపడ్డవాళ్ళ లిస్టులోనే ఉన్నా, అది దాచేది లేదు.

దీనికి కొసరు 2011 డిసెంబర్‌లో వచ్చింది. స్టేట్ రెవెన్యూ డిపార్ట్‌మెంట్‌లో 320 మిలియన్ డాలర్లు దొరికాయి. దొరకడం ఏంటండీ అంటే, కంపెనీలు ఆన్‌లైన్‌లో కట్టిన పన్ను 2007 నుంచి ఖజానాలోకి చేరకుండా పక్క అకౌంట్‌లో పోగవుతూ కూర్చుంది, ప్రోగ్రామింగ్ తప్పు. అదయ్యాక 2012 ఏప్రిల్‌లో ఇంకో తప్పు బయటపడింది, కౌంటీలకి పోవాల్సిన 206 మిలియన్లు వాళ్ళకి పంపలేదని. నిమిషాలు లెక్కపెట్టే గవర్నర్ కింద నాలుగేళ్ళు మిలియన్లు లెక్కకి రాలేదు. స్కూళ్ళకి కోసిన రోజున అందులో కొంత అక్కడే పడి ఉంది, అంతా పోగవకపోయినా. ప్రతిపక్షంవాళ్ళు వాయించేశారు, తప్పులేదు. మా ఆఫీసులో మాత్రం ఎవరూ నోరెత్తలేదు, ఆ కోడ్ రాసినవాడు ఎక్కడున్నాడో అని అందరం లోపల్లోపల వాడికి దణ్ణం పెట్టుకున్నాం.

ఆఖరి రెండేళ్ళు రాజకీయం బాగా వేడెక్కింది. రైట్ టు వర్క్ బిల్లు, యూనియన్ ఫీజు కట్టమని బలవంతం చెయ్యకూడదనే చట్టం, దానిమీద 2011లో డెమొక్రాట్ ఎమ్మెల్యేలు కోరం లేకుండా చెయ్యడానికి ఇల్లినాయ్‌లో అర్బానా వెళ్ళిపోయి హోటల్లో ఐదు వారాలు ఉన్నారు. మన రిసార్ట్ రాజకీయాలు తెలిసినవాళ్ళం కదా, మాకు అది కొత్తగా ఏం అనిపించలేదు, కాకపోతే మనవాళ్ళు స్విమ్మింగ్ పూల్ ఉన్న చోటుకి వెళ్తారు. 2012 ఫిబ్రవరి 1న సంతకం పెట్టాడు, నాలుగు రోజుల్లో ఊళ్ళో సూపర్ బౌల్, అదే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, డౌన్‌టౌన్ అంతా ఒక పక్క పార్టీ, ఒక పక్క ప్లకార్డులు. మధ్యలో ప్రెసిడెంట్‌గా నిలబడతాడని దేశమంతా ఊరించి, భార్యా నలుగురు కూతుళ్ళూ వద్దన్నారని 2011 మేలో తప్పుకున్నాడు. మా ఆవిడకి ఆయన చేసినవాటన్నిట్లో నచ్చింది ఇదొక్కటే.

వెళ్ళేటప్పుడు రిజర్వులో రెండు బిలియన్ల పైన ఉంచి వెళ్ళాడు. మిగులు ఒక హద్దు దాటితే జనానికి తిరిగి ఇచ్చెయ్యాలని చట్టం పెట్టించాడు, దాంతో 2012 ట్యాక్స్ ఫైలింగ్‌లో మనిషికి 111 డాలర్లు, మొగుడూ పెళ్ళాం కలిసి ఫైల్ చేస్తే 222. ఆ 222తో మేం మిక్సీ కొన్నాం, ఇండియా నుంచి తెచ్చిన ప్రీతి మోటారు కాలిపోయింది అప్పుడే. ఆ డబ్బు స్కూళ్ళకిస్తే పోయేదిగా అని పక్కింటి పెద్దాయన భార్య అంది, ఆవిడ స్కూల్ లైబ్రరీలో పనిచేసేది. మాట నిజమే అనిపించింది, మిక్సీ కూడా బాగుంది.

గవర్నర్‌గా దిగిన నెలలోనే పర్డ్యూకి ప్రెసిడెంట్ అయ్యాడు. ఆయన్ని ఎంచుకున్న యూనివర్సిటీ ట్రస్టీల్లో ఎక్కువమంది గవర్నర్‌గా తను వేసినవాళ్ళే, దానిమీద గొణుగుళ్ళు ఉన్నాయి, యూనివర్సిటీలకి 150 మిలియన్లు కోసినాయనే ఇప్పుడు వచ్చి యూనివర్సిటీ నడుపుతాడట అని. వచ్చీ రాగానే ఫీజు పెంచేది లేదన్నాడు. స్టేట్ పిల్లలకి ఏడాదికి 9,992 డాలర్లు, అప్పటికి మా పెద్దది మిడిల్ స్కూల్లో కూడా సరిగ్గా కుదురుకోలేదు. 2019లో అది పర్డ్యూలో ఇంజనీరింగ్ చేరినప్పుడు బేస్ ఫీజు అదే 9,992. పప్పు ధర, గ్యాస్ ధర, హెయిర్ కటింగ్ ధర అన్నీ పెరిగాయి, అదొక్కటీ కదల్లేదు. స్టూడెంట్లని ఎక్కువ చేర్చుకుని లెక్క సరిచేశాడు అంటారు, ఆయన దిగిపోయే 2022కి వెస్ట్ లఫాయెట్ క్యాంపస్‌లో 50 వేలు దాటారు, చిన్న ఊరికి అది మామూలు భారం కాదు.

నేను సిటిజన్ అయ్యి మొదటి ఓటు వేసేనాటికి ఆయన ఏ బ్యాలెట్ మీదా లేడు. ఉంటే వేసేవాణ్ణా అని మా రూమ్మేట్ గాడు ఇప్పటికీ అడుగుతాడు, నేపర్‌విల్ నుంచి వచ్చినప్పుడల్లా, తన ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు ఫోన్‌లో చూపించి మరీ. మొదటిసారి అయితే వేసేవాణ్ణి కాదు, రెండోసారి వేసేవాణ్ణేమో అంటా. వాడు నన్ను స్వార్థపరుడా అంటాడు. ఇంతలో మా ఆవిడ లోపల్నుంచి, ఆ పర్డ్యూ ఫీజు చిన్నది చేరేదాకా అలాగే ఆపమనండి ముందు, మిగతావి తర్వాత తేల్చుకోండి అంటుంది.